బ్రాండు మార్పిడి: అప్పు చేసి కొంటున్న భ్రమ

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ల మధ్య ఒక మాట చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. పాత కంపెనీ కెమెరాను పట్టుకుని వేలాడితే వెనకబడిపోతారని, ఉన్నదంతా అమ్మేసి ఫలానా బ్రాండుకు మారితేనే పని మెరుగై రేటు పెరుగుతుందని ఆ మాట. ఒకప్పుడు అది కెనాన్ వాళ్లను నికాన్‌కు, నికాన్ వాళ్లను కెనాన్‌కు తోసింది. తర్వాత ఇద్దరినీ సోనీకి తోసింది. వెళ్లాల్సిన ఊరు పేరు మారుతూ వచ్చింది గాని, బయల్దేరమనే సలహా మాత్రం మారలేదు.

ఆ సలహా ఇచ్చేవాళ్ల వాదనను వాళ్లు చెప్పుకునేంత బలంగానే ముందు పెట్టాలి. 2013లో సోనీ ఏ7, ఏ7ఆర్‌లతో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగింది. 2017లో వచ్చిన ఏ9 సెకనుకు 20 ఫ్రేములు, వ్యూఫైండర్ నల్లబడకుండా తీసింది. కంటిని పట్టుకుని వదలని ఆటోఫోకస్ పెళ్లి పందిట్లో ఎంత మేలో వాడినవాళ్లందరికీ తెలుసు. కెనాన్, నికాన్ తమ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీలను 2018లో గాని తేలేదు. 2020 జులైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ప్రపంచవ్యాప్తంగా తన ఫొటో, వీడియో జర్నలిస్టులకు సోనీ కెమెరాలే ఇస్తామని ప్రకటించింది. సిగ్మా, టామ్రాన్ లెన్సులు సోనీకి ముందుగా, విరివిగా వచ్చాయి. ఇక పాత డీఎస్ఎల్ఆర్ సరంజామా ధర నెలనెలా పడిపోతోంది కాబట్టి, అమ్మేదేదో ఇప్పుడే అమ్మి మారడం తెలివైన పని అంటారు.

ఇందులో చెప్పిన వాస్తవాలన్నీ నిజమే. వాటి నుంచి తీసిన తీర్మానమే తప్పు.

1. ఆధిక్యం రెండు మూడేళ్లది, అప్పు కూడా రెండు మూడేళ్లది

మారమని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఒకే ఏడాది పరిస్థితిని చూపిస్తారు. వరసగా పదిహేనేళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే వాదన నిలవదు.

2007లో నికాన్ డీ3 వచ్చింది. నికాన్‌కు అదే తొలి ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరా. తక్కువ వెలుతురులో దాని పనితనం చూసి కెనాన్ వాళ్లు అటు కదిలారు. మరుసటి ఏడాదే కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో ఫుల్ హెచ్‌డీ వీడియో తీసి చూపించింది. వీడియో ఆర్డర్లున్నవాళ్లు ఇటు కదిలారు. 2012లో నికాన్ డీ800 ఏకంగా 36 మెగాపిక్సెళ్లు ఇచ్చింది, అదే ఏడాది కెనాన్ 5డీ మార్క్ 3 దగ్గర 22 మాత్రమే ఉన్నాయి. మళ్లీ కదలిక. తర్వాత సోనీ వంతు వచ్చింది.

2018ని కాస్త దగ్గరగా చూడాలి. ఆ ఏడాది సోనీ ఏ7 3లో రెండు కార్డు స్లాట్లు ఉన్నాయి. కెనాన్ ఈఓఎస్ ఆర్‌లోనూ, నికాన్ జెడ్6, జెడ్7లలోనూ ఒక్కటే స్లాటు. పెళ్లి తీసేవాడికి ఇది చిన్న లోపం కాదు. కార్డు పాడైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేరు. ఆ ఒక్క కారణంతో ఎవరైనా సోనీకి మారి ఉంటే వాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. కానీ 2020లో కెనాన్ ఆర్6, నికాన్ జెడ్6 2 రెండింటిలోనూ రెండేసి స్లాట్లు వచ్చేశాయి. కెనాన్ ఆర్5, ఆర్6ల కంటి ఫోకస్ సోనీ సరసన నిలబడింది. 2021 చివరికి నికాన్ జెడ్9 మెకానికల్ షట్టరే లేకుండా వచ్చింది. 2018లో 'ఇక తేలిపోయింది' అన్న పోటీ రెండు మూడేళ్లలో మళ్లీ సమమైంది.

వాయిదాల మీద మారిన మనిషి పరిస్థితి ఆలోచించాలి. ఏ ఆధిక్యం కోసం మారాడో ఆ ఆధిక్యం, తీసుకున్న అప్పు తీరేలోపే కరిగిపోయింది. ఈలోగా పాత కంపెనీ కొత్త బాడీ తెస్తే పాత లెన్సులతోనే వాడుకోగలిగేవాడు. ఇప్పుడు ఆ లెన్సులు అతని దగ్గర లేవు.

2. 'పాతది అమ్మి తేడా కడితే చాలు' అనే లెక్క

బ్రాండు మార్పిడి మాట వచ్చినప్పుడు బాడీ ధర ఒక్కటే చర్చకు వస్తుంది. బాడీ అందులో ఒక ముక్క. లెన్సు మౌంటు వేరు. బ్యాటరీలు వేరు: కెనాన్ ఎల్‌పీ-ఈ6, నికాన్ ఈఎన్-ఈఎల్15, సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 ఒకదాంట్లో ఒకటి పట్టవు. ఫ్లాష్ హాట్ షూ మీది పిన్నులు వేరు కాబట్టి టీటీఎల్ ఫ్లాష్‌లు, ట్రిగర్లు మార్చాలి. కార్డులూ అంతే. కెనాన్ ఆర్5, నికాన్ జెడ్ వరస పెద్ద బాడీలు సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ టైప్ బీ వాడితే, సోనీ చిన్న సైజు టైప్ ఏ తీసుకుంది. రా ఫైళ్లు మారతాయి. పాత లైట్‌రూమ్ వెర్షన్ కొత్త బాడీ ఫైళ్లను తెరవకపోతే దాని ఖర్చు అదనం. ఏళ్ల తరబడి సర్దుకున్న ప్రీసెట్లు కొత్త ఫైళ్ల మీద వేస్తే చర్మం రంగు తేడాగా వస్తుంది, వాటిని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

లెక్క కోసం ఒక కిట్ అనుకుందాం. రెండు బాడీలు, 24-70, 70-200, 85 లెన్సులు, రెండు ఫ్లాష్‌లు, ట్రిగర్, అరడజను బ్యాటరీలు, కార్డులు. కొన్నప్పుడు 7 లక్షలైంది. సెకండ్ హ్యాండ్‌లో 3 లక్షలు వచ్చాయి. అదే స్థాయి కొత్త కిట్ 8 లక్షలు. తేడా 5 లక్షలు. 14 శాతం వడ్డీకి 24 నెలల అప్పు తీసుకుంటే నెలకు సుమారు 24 వేలు, మొత్తం మీద వడ్డీయే 76 వేలు. ఇంతా అయ్యాక ఆ ఫొటోగ్రాఫర్ సంచిలో ఏముంటుంది? రెండు బాడీలు, 24-70, 70-200, 85, రెండు ఫ్లాష్‌లు, ట్రిగర్, అరడజను బ్యాటరీలు. కొత్తగా ఒక్క లెన్సు చేరలేదు, ఒక్క లైటు చేరలేదు.

తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి ఫొటోగ్రఫీ ముహూర్తాల మీద నడిచే వృత్తి. మూఢంలో, ఆషాఢంలో పనుండదు. వాయిదా మాత్రం ఆ నెలల్లోనూ కట్టాలి. దానికి తోడు పన్ను. డిజిటల్ కెమెరాల మీద జీఎస్‌టీని 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గించారు, నిజమే. కానీ జీఎస్‌టీ నమోదు లేని చిన్న స్టూడియోవాడికి ఆ 18 శాతం తిరిగి రాదు. మారిన ప్రతిసారీ మొత్తం కిట్ మీద ఆ పన్ను మళ్లీ కట్టాల్సిందే. అది భరించలేక బిల్లు లేని సరుకు కొన్నవాళ్లకు వారంటీ ఉండదు.

ఇక 'పాతవాటి ధర పడిపోతోంది, త్వరపడాలి' అనే మాట. ధర పడిపోవడం అమ్మేవాడికి నష్టం. అమ్మనివాడికి ఏ నష్టమూ లేదు, పైగా లాభం. మిగతావాళ్లు తొందరపడి వదిలించుకుంటున్న ఎఫ్ 2.8 లెన్సులు అతనికి చవగ్గా దొరుకుతాయి. కోఠీ దుకాణాల్లో సెకండ్ హ్యాండ్ అరలు చూసినవాళ్లెవరికైనా ఇది తెలిసిన సంగతే. పడిపోతున్న ధరను అమ్మకానికి కారణంగా చూపించేవాళ్లు, అదే ధర కొనుగోలుకు కారణమని ఎందుకు చెప్పరు?

3. చేతికి వచ్చిన పని

జీలకర్ర-బెల్లం ఘట్టం. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంది. చుట్టూ పెద్దవాళ్లు వంగి ఉన్నారు. పురోహితుడి మోచెయ్యి ఫ్రేములోకి వస్తూ పోతూ ఉంది. వీడియో వాళ్ల లైటు ఒక పక్క నుంచే పడుతోంది. తెర తీశారు. ఇద్దరి కళ్లు కలిసే ఆ క్షణం రెండు మూడు సెకన్లు. పెళ్లికూతురు కళ్లు దించుకుని ఉంది, నుదుటి మీద బాసికం ఉంది, మధ్యలో తమలపాకు పట్టుకున్న చెయ్యి ఉంది. ఏ కంపెనీ ఆటోఫోకస్ అయినా ఇక్కడ చేతినో బాసికాన్నో పట్టుకునే అవకాశం ఉంది. అప్పుడు ఫొటోగ్రాఫర్ బొటనవేలు ఫోకస్ పాయింటును పక్కకు జరపాలి, అదే సమయంలో ఎడమచెయ్యి జూమ్ కొంచెం వెనక్కి తియ్యాలి, చూపుడువేలు వెలుతురు ఒక మెట్టు తగ్గించాలి. ఇదంతా ఆలోచించి చేసేది కాదు, వేళ్లకు తెలిసి చేసేది.

నికాన్ లెన్సును బిగించే దిక్కు కెనాన్ లెన్సు బిగించే దిక్కుకు ఎదురు. జూమ్ రింగు తిరిగే దిక్కూ ఎదురే. నికాన్‌లో ఆన్-ఆఫ్ మీట షట్టర్ బటన్ చుట్టూ ఉంటుంది, కెనాన్ 5డీ మార్క్ 4లో ఎడమ పక్కన ఉంటుంది. పదేళ్లు ఒక దిక్కుకు అలవాటైన మణికట్టు, తొందరలో ఆ దిక్కుకే తిరుగుతుంది. 70కి వెళ్లాల్సింది 24కి పోతుంది. తెర తీసిన క్షణం దాటిపోతుంది.

'నెల రోజుల్లో అలవాటైపోతుంది' అంటారు. నిజమే, అలవాటవుతుంది. ఆ నెలలో పెళ్లయిన జంటల సంగతి ఎవరూ మాట్లాడరు. కొత్త బాడీని ముహూర్తం రోజు నేర్చుకునే హక్కు ఫొటోగ్రాఫర్‌కు లేదు. ఆ పెళ్లి ఇంటివాళ్లకు మళ్లీ రాదు.

4. రంగుల పుకారు

'ఆ కంపెనీ చర్మం రంగు బాగుంటుంది', 'ఈ కంపెనీ పచ్చగా తీస్తుంది' అనే మాటలు విన్నన్ని సార్లు ఇంకే సాంకేతిక విషయమూ వినపడదు. జేపెగ్‌లో కంపెనీల మధ్య తేడా ఉంటుంది, సందేహం లేదు. కానీ రాలో తీసేవాళ్లకు కెమెరా ఇచ్చేది సెన్సర్ పట్టిన కొలతలు మాత్రమే. వాటిని రంగులుగా మార్చేది సాఫ్ట్‌వేర్‌లోని ప్రొఫైల్, ఎడిటర్ పెట్టిన వైట్ బ్యాలెన్స్. ప్రొఫైల్ మారిస్తే రంగు మారుతుంది. దానికి 5 లక్షలు అక్కర్లేదు. ఇక సెన్సర్ల మాటకొస్తే, నికాన్‌కు పేరు తెచ్చిన డీ800 సెన్సర్ చేసిచ్చింది సోనీయే. పేరు పలకమీద వేరు, లోపలి సిలికాన్ ఒకే ఫ్యాక్టరీది.

మన కల్యాణ మంటపాల్లో రంగును పాడుచేసేది కెమెరా కాదు, స్టేజి లైట్లు. రిసెప్షన్‌లో ఎరుపు, ఊదా ఎల్ఈడీ పార్ లైట్లు ముఖాల మీద పడతాయి. ఎర్ర పట్టుచీర మీద ఎర్ర లైటు పడితే రెడ్ ఛానెల్ ఒక్కటే నిండిపోయి, జరీ గీతలు ఎర్రటి ముద్దలో కలిసిపోతాయి. మామూలు హిస్టోగ్రామ్ మాత్రం ఎక్స్‌పోజర్ బాగానే ఉందని చూపిస్తుంది. ఆర్జీబీ హిస్టోగ్రామ్ తెరిచి చూసేవాడికే తేడా తెలుస్తుంది, ఒక మెట్టు తగ్గించి తీస్తే జరీ తిరిగి వస్తుంది. ఏ కంపెనీ కెమెరాకైనా ఇదే వర్తిస్తుంది.

ఇంకో సంగతి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ కోసమే మారామని చాలామంది చెప్తారు. సెన్సర్‌ను పైనుంచి కిందికి నెమ్మదిగా చదివే మధ్యస్థాయి బాడీల్లో అదే షట్టర్ వెలుగుతూ ఆరుతూ ఉండే ఎల్ఈడీ లైట్ల కింద అడ్డ చారలు తెస్తుంది. మంటపంలో గోడ మీద, పెళ్లికొడుకు చొక్కా మీద చీకటి పట్టీలు పడతాయి. అప్పుడు మళ్లీ మెకానికల్ షట్టర్‌కే వెళ్లాలి. దేనికోసం మారారో దాన్నే ఆపేసుకుని పెళ్లి తీయాల్సి వస్తే, ఆ మార్పిడి దేనికి?

5. 'ఎలాగూ మిర్రర్‌లెస్ కొనాలి కదా'

ఇది కాస్త బుద్ధిగా వినిపించే వాదన. డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయింది, కొత్త మౌంటుకు వెళ్లక తప్పదు, వెళ్లేటప్పుడు వేరే కంపెనీకే వెళ్తే పోయేదేముంది అంటారు.

పోయేది లెన్సులు. కెనాన్ ఈఎఫ్ మౌంటుకు, సెన్సర్‌కు మధ్య దూరం 44 మిల్లీమీటర్లు. కొత్త ఆర్‌ఎఫ్ మౌంటులో అది 20. మిగిలిన 24 మిల్లీమీటర్ల ఖాళీని నింపే గొట్టమే కంపెనీ అడాప్టర్. అందులో గాజు ఉండదు, పిన్నులు నేరుగా కలుస్తాయి, పాత ఈఎఫ్ లెన్సు కొత్త బాడీ మీద పూర్తి ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌కు ఒక పరిమితి ఉంది: లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు దాని మీద ఆటోఫోకస్ చెయ్యవు. మోటారున్నవి చేస్తాయి. అంటే సొంత కంపెనీలోనే కొత్త తరానికి వెళ్లేవాడు ఈ ఏడాది ఒక బాడీ, అడాప్టర్ కొని, లెన్సులను వీలున్నప్పుడు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. బయటికి వెళ్లేవాడికి ఆ వెసులుబాటు తక్కువ.

సిగ్మా, టామ్రాన్ లెన్సుల విషయంలో సోనీది నిజమైన ఆధిక్యమే. ఈ-మౌంటు ప్రాథమిక వివరాలను సోనీ 2011లోనే ఇతర తయారీదారులకు తెరిచింది. కెనాన్ ఆర్‌ఎఫ్‌కు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్సులను 2024లో గాని ప్రకటించలేదు, అవీ ఏపీఎస్-సీ బాడీలవే. మొదటి కెమెరా కొనే కుర్రాడికి ఇది గట్టి కారణం. ఇప్పటికే సంచిలో ఈఎఫ్ సిగ్మా లెన్సులున్నవాడికి మాత్రం కాదు. అతనికి కావలసిన చవక లెన్సులు అతని దగ్గరే ఉన్నాయి.

6. 'ఆ కంపెనీ ఎక్కువ కాలం ఉండదు'

భవిష్యత్తు చూపించి భయపెట్టే ఈ వాదనకు చరిత్ర ఇచ్చే జవాబు కటువుగా ఉంటుంది. శామ్‌సంగ్ 2014లో ఎన్ఎక్స్1 తెచ్చింది. 28 మెగాపిక్సెళ్లు, సెకనుకు 15 ఫ్రేములు, 4కే వీడియో. సాంకేతికంగా అప్పటి పోటీదారులను దాటింది. కంపెనీ సైజు చూస్తే ఏ కెమెరా కంపెనీ దాని ముందు ఆనదు. ఆ తర్వాత కొద్దికాలానికే శామ్‌సంగ్ కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. పెద్ద కంపెనీ, మంచి కెమెరా అని నమ్మి మారినవాళ్లు లెన్సులతో సహా నడిరోడ్డున మిగిలారు.

గెలిచిన కంపెనీలో ఉన్నా రక్షణ లేదు. మినోల్టా 1985లో మొదలుపెట్టిన ఏ-మౌంటును 2006లో సోనీ తీసుకుంది. 2016లో ఏ99 2 తెచ్చింది, 2021 నాటికి ఆ వరసకే ముగింపు పలికింది. కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంటు తెచ్చినప్పుడు అప్పటిదాకా నడిచిన ఎఫ్‌డీ లెన్సులను పూర్తిగా వదిలేసింది. ఒలింపస్ 2021 జనవరిలో కెమెరా విభాగాన్ని వేరే సంస్థకు అప్పగించింది. అదే సమయంలో, 1959లో మొదలైన నికాన్ ఎఫ్ మౌంటు లెన్సులు అడాప్టర్‌తో ఈనాటి జెడ్ బాడీల మీదా ఎక్కుతున్నాయి. కంపెనీల జాతకాలు చూసి పెట్టుబడి పెట్టే పని ఫొటోగ్రాఫర్‌ది కాదు. తయారీ ఆగిన లెన్సు కూడా మరుసటి రోజు పెళ్లికి పనిచేస్తుంది.

7. అసోసియేటెడ్ ప్రెస్ మారింది కదా

మారింది. ఎందుకు మారింది? ఫొటో తీసేవాళ్లు, వీడియో తీసేవాళ్లు ఒకే బాడీలు, ఒకే లెన్సులు పంచుకోవాలన్నది ఆ సంస్థ అవసరం. ఖర్చు సంస్థది. జర్నలిస్టు తన పాత లెన్సులను సగం ధరకు అమ్ముకోలేదు, వాయిదా కట్టలేదు. ఆ నిర్ణయాన్ని తెచ్చి, తాడేపల్లిగూడెంలోనో జగిత్యాలలోనో సొంత డబ్బుతో స్టూడియో నడుపుకునే మనిషి ముందు ఉదాహరణగా పెట్టడం తర్కం కాదు.

ఇలాంటిదే ఇంకో ఉదాహరణ చెప్తారు. 1980ల చివరి నుంచి స్టేడియం గీత పక్కన కెనాన్ తెల్ల లెన్సులు బారులు తీరాయి, ఆటల ఫొటోగ్రాఫర్లు నికాన్ వదిలి వచ్చారు. ఆ మార్పిడి సరైనదే. లెన్సులోనే మోటారుండే పెద్ద టెలిఫొటోలతో కెనాన్ ఆటోఫోకస్ వేగంగా పనిచేసింది, పరుగెత్తే ఆటగాణ్ని పట్టడమే వాళ్ల వృత్తి. ఏ ఫ్రేము పోతోందో వాళ్లకు కచ్చితంగా తెలుసు, దాన్ని ఏ పరికరం తెస్తుందో కూడా తెలుసు. ఈ రెండూ తెలిసినవాడు మారవచ్చు. మారమని ఊరూరా చెప్పేవాళ్లు ఈ రెండింటిలో ఒక్కటీ అడగరు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా జరిగే వర్క్‌షాపుల్లో మాట్లాడేవాళ్లకు కంపెనీలతో ఒప్పందాలుంటాయి, కెమెరాలు వాళ్లకు కంపెనీ నుంచే అందుతాయి. ఆ సంగతి వాళ్లు ముందుగా చెప్పి తర్వాత సలహా ఇవ్వాలి.

కస్టమర్లు అడుగుతున్నారన్నది చివరి సాకు. అడుగుతారు. పెళ్లికొడుకు తమ్ముడు ఎక్కడో విని 'ఏ కెమెరాతో తీస్తారన్నా?' అంటాడు. అతనికి ఇవ్వాల్సిన జవాబు, మొన్న మార్గశిరంలో అదే మంటపంలో అదే లైట్ల కింద తీసిన ఆల్బమ్. ఆల్బమ్ చూశాక కెమెరా పేరు మళ్లీ అడిగేవాళ్లు తక్కువ.

అయినా మారాలనిపించేవాళ్లు ముందు ఒక కాగితం మీద, ఇప్పుడున్న కెమెరా వల్ల పోతున్న ఫ్రేములేవో పేరుపేరునా రాసుకోవాలి. 'క్వాలిటీ' అని రాస్తే చెల్లదు. 'రాత్రి ఊరేగింపులో కదులుతున్న పెళ్లికొడుకు ముఖం మీద ఫోకస్ నిలవడం లేదు' అని రాయాలి. తర్వాత ఆ రెండో బ్రాండు బాడీని, లెన్సును రెంటుకు తెచ్చి, పాతదాని పక్కనే పెట్టుకుని వరసగా కొన్ని ఫంక్షన్లలో అవే ఫ్రేములు తీయాలి. ఫైళ్ల పేర్లు మార్చి ఆల్బమ్ డిజైనర్‌కు ఇచ్చి, ఏవి మేలైనవో విడదీయమనాలి. అతను విడదీయగలిగితే మారవచ్చు. విడదీయలేకపోతే, కట్టబోయిన మొదటి రెండు వాయిదాల డబ్బుతో స్టాండు మీద పెట్టే ఒక ఫ్లాష్, ఒక సాఫ్ట్‌బాక్స్, ఫైళ్ల రెండో కాపీ దాచుకునే ఒక హార్డ్ డిస్కు కొనాలి. మిగతా 22 వాయిదాలు ఇంట్లోనే ఉంటాయి.